జేపీఏ, హైబర్నేట్‌లో రికార్డులు సేవ్ చేయడం, డిలీట్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జావా ఎంటర్‌ప్రైజ్ ప్రాజెక్టుల్లోకి కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పుతున్నప్పుడు ప్రతిసారీ ఇవే సందేహాలు వస్తున్నాయి. అడిగేవాళ్లు మారుతున్నారు, ప్రశ్నలు మారడం లేదు. చాట్‌లో ఒక్కొక్కరికీ విడిగా రాసిన జవాబులను సరిచూసి ఇక్కడ ఒకచోట పెట్టాను. ఉదాహరణలన్నీ ఒక బిల్లింగ్ అప్లికేషన్‌వే: కస్టమర్, ఇన్వాయిస్, ఇన్వాయిస్ లైన్లు. ఏ ప్రశ్న నుంచైనా చదవొచ్చు.

## కోడ్ మొదలుపెట్టే ముందు

జేపీఏ, హైబర్నేట్, స్ప్రింగ్ డేటా మూడూ ఒకటేనా?

కాదు. జేపీఏ అనేది జావా ఆబ్జెక్టులను డేటాబేస్ టేబుళ్లలో ఎలా దాచాలో చెప్పే నిబంధనల పత్రం. 2006లో ఈజేబీ (ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్) 3.0తో పాటు వచ్చింది, ఇప్పుడు దాని పేరు జకార్తా పర్సిస్టెన్స్. ఆ నిబంధనల ప్రకారం నిజంగా పనిచేసే లైబ్రరీ హైబర్నేట్. ఎక్లిప్స్‌లింక్ కూడా అలాంటిదే. హైబర్నేట్‌ను గావిన్ కింగ్ 2001లోనే మొదలుపెట్టారు కాబట్టి నిబంధనల కంటే లైబ్రరీయే ముందు పుట్టింది. స్ప్రింగ్ డేటా జేపీఏ ఈ రెండింటి మీద వేసిన ఇంకో పొర, మనం రిపాజిటరీలు (రికార్డులు తెచ్చే, దాచే ఇంటర్‌ఫేస్‌లు) రాసేది అందులోనే. 2020లో జకార్తా ఈఈ 9తో ప్యాకేజీ పేరు 'జావాఎక్స్' నుంచి 'జకార్తా'కు మారింది. పాత కోడ్ కాపీ చేసి పాత ఇంపోర్టులు అలాగే ఉంచితే, కొత్త హైబర్నేట్ మీ క్లాసును ఎంటిటీగా (టేబుల్‌కు జోడైన క్లాసుగా) గుర్తించదు. 'నాట్ ఎ మేనేజ్డ్ టైప్' అనే ఎర్రర్ కనిపిస్తే మొదట ఇంపోర్ట్ లైన్లు చూడండి.

పర్సిస్టెన్స్ కాంటెక్స్ట్ అంటే ఏమిటి? నేను డేటాబేస్‌తోనే కదా మాట్లాడుతున్నాను?

నేరుగా కాదు. పాతకాలపు కొట్లలో రోజంతా జరిగిన బేరాలు చిట్టాలో రాసుకుని, తర్వాత ఆవర్జాకు ఎక్కించేవారు. పర్సిస్టెన్స్ కాంటెక్స్ట్ ఆ చిట్టా, డేటాబేస్ ఆవర్జా. మీరు పర్సిస్ట్ అన్నా రిమూవ్ అన్నా ముందు చిట్టాలో ఒక పద్దు పడుతుంది, అంతే. చిట్టాలోని పద్దులు ఎస్‌క్యూఎల్ వాక్యాలుగా డేటాబేస్‌కు వెళ్లడాన్ని ఫ్లష్ అంటారు. అలా వెళ్లినవి ఖాయం కావడం కమిట్. సేవ్, డిలీట్‌ల మీద నాకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈ మూడు దశలను ఒకటే అనుకోవడం వల్ల పుట్టినవే.

ఈ చిట్టా దృష్టిలో ఒక ఆబ్జెక్ట్ నాలుగు స్థితుల్లో ఉండొచ్చు. 'న్యూ'తో తయారుచేసి ఇంకా ఎవరికీ చెప్పనిది కొత్తది. చిట్టాలో ఉన్నది మేనేజ్డ్. ఒకప్పుడు ఉండి, ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి ఖాయమయ్యే, లేదా అన్నీ కలిసి రద్దయ్యే పనుల గుంపు) ముగియడంతో బయటకు వచ్చేసింది డిటాచ్డ్. డిలీట్‌కు గుర్తు పెట్టింది రిమూవ్డ్. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ 'ఈ ఆబ్జెక్ట్ ఇప్పుడు ఏ స్థితిలో ఉంది?' అని అడిగి చూడండి, చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

## సేవ్ చేసేటప్పుడు

సేవ్ కాల్ చేశాను, ఎర్రర్ రాలేదు, కానీ టేబుల్‌లో రో కనిపించడం లేదు. ఎందుకు?

డీబగ్గర్‌ను సేవ్ లైన్ దగ్గర ఆపి, పక్క విండోలో టేబుల్ చూస్తున్నారా? అయితే కనిపించకపోవడమే సరి. ఇన్సర్ట్ ఇంకా ఫ్లష్ అయి ఉండకపోవచ్చు. ఒకవేళ అయినా, కమిట్ కాని రో మీ ఎస్‌క్యూఎల్ క్లయింట్‌కు కనిపించదు, ఎందుకంటే అది వేరే సెషన్. మెథడ్ మొత్తం ముగిశాక కూడా లేకపోతే రెండు విషయాలు చూడండి. లాగ్‌లో రోల్‌బ్యాక్ (చేసినదంతా రద్దు కావడం) ఉందా? అప్లికేషన్, మీ క్లయింట్ ఒకే డేటాబేస్‌కు, ఒకే స్కీమాకు కనెక్ట్ అయ్యాయా? రెండోది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ దీని వల్ల రోజులు పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

పర్సిస్ట్ వాడాలా, మెర్జ్ వాడాలా?

కొత్త రికార్డుకు పర్సిస్ట్, బయట తిరిగి వచ్చిన పాత రికార్డుకు మెర్జ్. పర్సిస్ట్ మీరిచ్చిన ఆబ్జెక్టునే మేనేజ్డ్‌గా మారుస్తుంది. మెర్జ్ అలా చేయదు. డేటాబేస్ నుంచి ఒక ప్రతి తెచ్చి, మీ ఆబ్జెక్టులోని విలువలు దాంట్లోకి కాపీ చేసి, ఆ ప్రతిని తిరిగి ఇస్తుంది. మీరిచ్చింది డిటాచ్డ్‌గానే ఉండిపోతుంది. అందుకే మెర్జ్ తిరిగి ఇచ్చిన దాన్ని వేరియబుల్‌లో పట్టుకుని, ఆ తర్వాత దానితోనే పనిచేయాలి.

మెర్జ్‌తో ఇంకో ప్రమాదం ఉంది. స్క్రీన్ నుంచి వచ్చిన ఆబ్జెక్టులో అయిదు ఫీల్డులే నిండి, మిగతా పది నల్‌గా ఉన్నాయనుకోండి. మెర్జ్ ఆ నల్‌లను కూడా నిజాయతీగా కాపీ చేస్తుంది. కస్టమర్ ఫోన్ నంబరు మార్చబోతే చిరునామా చెరిగిపోయేది ఇలాగే. ఎడిట్ స్క్రీన్లకు నేను మెర్జ్ వాడను. ఫైండ్‌తో రికార్డు తెచ్చి, మారాల్సిన ఫీల్డులు మాత్రమే సెట్ చేస్తాను.

స్ప్రింగ్ డేటా సేవ్ ఇన్సర్ట్‌కు ముందు సెలెక్ట్ ఎందుకు కొడుతోంది?

ఐడీ మీరే ఇస్తున్నారు కాబట్టి. ఆ సేవ్ మెథడ్ లోపల ఒక ప్రశ్న ఉంటుంది: ఇది కొత్తదా? వెర్షన్ ఫీల్డ్ (రికార్డు మారినప్పుడల్లా మారే నంబరు) ఉంటే దాన్ని చూస్తుంది, లేకపోతే ఐడీ నల్‌గా ఉందా అని చూస్తుంది. కొత్తదైతే పర్సిస్ట్, కాకపోతే మెర్జ్. ఐడీ ముందే నింపి పంపితే పాతదనుకుని మెర్జ్‌కు వెళ్తుంది, మెర్జ్ ముందుగా సెలెక్ట్ చేస్తుంది. పరిష్కారం: వెర్షన్ ఫీల్డును ప్రిమిటివ్‌గా కాకుండా ర్యాపర్ టైపుతో పెట్టడం, లేదా ఎంటిటీలో పర్సిస్టబుల్ ఇంటర్‌ఫేస్ అమలుచేసి 'ఇది కొత్తదే' అని మీరే చెప్పడం.

'డిటాచ్డ్ ఎంటిటీ పాస్డ్ టు పర్సిస్ట్' అంటోంది. నేను పంపింది కొత్త ఆబ్జెక్టే!

ఆబ్జెక్ట్ కొత్తదే, ఐడీ మాత్రం నిండి ఉంది. ఐడీని డేటాబేస్ ఇవ్వాల్సిన చోట మీరు 0 కాని విలువ ఇచ్చారంటే, హైబర్నేట్ దాన్ని ఒకప్పటి పాత రికార్డుగా లెక్కేస్తుంది. టెస్ట్ డేటాలో ఐడీ 1 అని రాసుకోవడం దీనికి మామూలు కారణం. ఐడీ ఖాళీగా వదిలేయండి.

ఇన్వాయిస్ సేవ్ అయింది, లైన్లలో మాత్రం ఇన్వాయిస్ ఐడీ నల్‌గా ఉంది.

రెండువైపుల సంబంధంలో ఫారిన్ కీ కాలమ్‌ను (ఇంకో టేబుల్‌లోని రోను చూపే కాలమ్‌ను) నింపే హక్కు ఒక్క వైపుకే ఉంటుంది. 'మ్యాప్డ్‌బై' ఉన్న వైపుకు ఆ హక్కు లేదు. ఇన్వాయిస్ లిస్టులో లైన్ చేర్చారు కానీ, లైన్‌కు తన ఇన్వాయిస్ ఏదో చెప్పలేదు. ఇన్వాయిస్ క్లాసులో లైన్ చేర్చే మెథడ్ ఒకటి రాసి, అందులో రెండు పనులూ చేయండి: లిస్టులో చేర్చడం, లైన్‌కు ఇన్వాయిస్ సెట్ చేయడం. లిస్టును బయటివాళ్లకు నేరుగా ఇవ్వకండి.

మధ్యలో ఎక్సెప్షన్ వచ్చింది. అయినా సగం డేటా సేవ్ అయిపోయింది!

స్ప్రింగ్‌లో ట్రాన్సాక్షనల్ యానోటేషన్ రన్‌టైమ్ ఎక్సెప్షన్లకు, ఎర్రర్లకు మాత్రమే రోల్‌బ్యాక్ చేస్తుంది. చెక్డ్ ఎక్సెప్షన్ బయటకు వెళ్తే, అప్పటిదాకా జరిగింది కమిట్ చేసేస్తుంది. ఇది ఈజేబీ రోజుల నుంచి వస్తున్న పద్ధతి. 'రోల్‌బ్యాక్‌ఫర్'లో ఆ ఎక్సెప్షన్ క్లాసు పేరు ఇవ్వండి.

రెండో కారణం కంటికి అంత తేలిగ్గా కనిపించదు. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టేది మీ క్లాసు చుట్టూ స్ప్రింగ్ పెట్టే ప్రాక్సీ, అంటే మధ్యవర్తి ఆబ్జెక్ట్. అదే క్లాసులోని ఒక మెథడ్ ఇంకో మెథడ్‌ను నేరుగా కాల్ చేస్తే ఆ కాల్ ప్రాక్సీ గుండా వెళ్లదు, కాబట్టి రెండో మెథడ్ మీద యానోటేషన్ ఉన్నా లేనట్టే. అప్పుడు ప్రతి రిపాజిటరీ సేవ్ తన సొంత ట్రాన్సాక్షన్‌లో విడివిడిగా కమిట్ అవుతుంది. ఇన్వాయిస్ పడి, లైన్లు పడకుండా ఆగేది ఇక్కడే.

ఎక్సెప్షన్‌ను క్యాచ్ చేశాను కదా, అయినా మొత్తం రోల్‌బ్యాక్ ఎందుకైంది?

ఆ ఎక్సెప్షన్ లోపలి ట్రాన్సాక్షనల్ మెథడ్ నుంచి బయటకు వచ్చేటప్పుడే ట్రాన్సాక్షన్ మీద 'రోల్‌బ్యాక్ ఓన్లీ' అని ముద్ర పడింది. బయట మీరు క్యాచ్ చేసినా ఆ ముద్ర పోదు. ఆడిట్ లాగ్ లాంటి రికార్డు మిగతాది ఏమైనా సరే మిగలాలనుకుంటే, దాన్ని వేరే క్లాసులో 'రిక్వైర్స్ న్యూ'తో సొంత ట్రాన్సాక్షన్‌గా పెట్టండి.

ఇన్వాయిస్ నంబర్లలో మధ్యలో ఖాళీలు వస్తున్నాయి. ఆడిటర్ అడుగుతున్నారు.

డేటాబేస్ సీక్వెన్స్ ఇచ్చిన నంబరు రోల్‌బ్యాక్ అయినా వెనక్కి రాదు. ఎక్కువమంది ఒకేసారి పనిచేసేటప్పుడు ఒకరి కోసం ఇంకొకరు ఆగకుండా అలా కావాలనే చేశారు. ఆటో ఇంక్రిమెంట్‌దీ ఇదే దారి. కాబట్టి ప్రైమరీ కీలో ఖాళీలు తప్పు కాదు.

తప్పంతా ప్రైమరీ కీని ఇన్వాయిస్ నంబరుగా ముద్రించడంలో ఉంది. జీఎస్టీ నిబంధనల్లో 46వ రూల్ ప్రకారం ట్యాక్స్ ఇన్వాయిస్‌కు వరుస నంబరు ఉండాలి, అది 16 అక్షరాలకు మించకూడదు, ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు. దానికోసం విడిగా ఒక కౌంటర్ టేబుల్ పెట్టండి. సిరీస్‌కు ఒక రో చొప్పున ఉంచి, ఇన్వాయిస్ సేవ్ అయ్యే ట్రాన్సాక్షన్‌లోనే ఆ రోను లాక్ చేసి నంబరు పెంచండి. ఇన్వాయిస్ రోల్‌బ్యాక్ అయితే నంబరూ వెనక్కి వస్తుంది. కాస్త నెమ్మదిస్తుంది, నిజమే. అందుకే లాక్‌ను ట్రాన్సాక్షన్ చివర్లో తీసుకోండి.

లక్ష రికార్డులు సేవ్ చేస్తుంటే గంటలు పడుతోంది, చివరికి మెమరీ అయిపోతోంది.

ఇందులో రెండు సమస్యలున్నాయి. మెమరీ పోయేది, సేవ్ చేసిన ప్రతి ఆబ్జెక్టునూ కాంటెక్స్ట్ పట్టుకుని కూర్చోవడం వల్ల. ప్రతి 50 రికార్డులకు ఒకసారి ఫ్లష్ చేసి, వెంటనే క్లియర్ చేయండి. వేగం కోసం హైబర్నేట్‌లో జేడీబీసీ (డేటాబేస్‌తో మాట్లాడే జావా మూల లైబ్రరీ) బ్యాచ్ సైజు సెట్ చేయాలి, సెట్ చేయకపోతే ఇన్సర్టులు ఒక్కొక్కటిగా వెళ్తాయి. ఐడీ పద్ధతి 'ఐడెంటిటీ' (ఇన్సర్ట్ అయ్యేటప్పుడు డేటాబేసే ఐడీ ఇవ్వడం) అయితే బ్యాచ్ సైజు పెట్టినా ఫలితం ఉండదు. ఐడీ తెలియాలంటే ప్రతి ఇన్సర్టునూ అప్పటికప్పుడు పంపాల్సిందే కాబట్టి హైబర్నేట్ బ్యాచింగ్ ఆపేస్తుంది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లలో 'సీక్వెన్స్' వాడండి. మైఎస్‌క్యూఎల్‌లో సీక్వెన్సులు లేవు కాబట్టి అంత పెద్ద లోడును నేరుగా జేడీబీసీతో రాయడం మేలు.

## ఉన్న రికార్డు మార్చేటప్పుడు

నేను సేవ్ కాల్ చేయనేలేదు, డేటా మారిపోయింది. ఇదెలా?

ట్రాన్సాక్షన్ లోపల ఫైండ్‌తో తెచ్చిన ఆబ్జెక్ట్ మేనేజ్డ్. హైబర్నేట్ దాని తొలి విలువలను దాచుకుని, ఫ్లష్ సమయంలో ఇప్పటి విలువలతో పోల్చి, తేడా ఉంటే అప్‌డేట్ పంపుతుంది. కాబట్టి మేనేజ్డ్ ఆబ్జెక్టుకు సేవ్ అవసరం లేదు. స్క్రీన్ మీద అందంగా కనిపించాలని ఎంటిటీలోనే పేరును పెద్ద అక్షరాలుగా సెట్ చేశారంటే, అది టేబుల్‌లోకీ వెళ్లిపోతుంది. చూపించడానికి కావలసిన మార్పులు డీటీఓలో (స్క్రీన్‌కు డేటా మోసుకెళ్లే విడి ఆబ్జెక్టులో) చేయండి.

ఇద్దరు ఒకే ఇన్వాయిస్ ఎడిట్ చేస్తే ఎవరిది నిలుస్తుంది?

ఏమీ చేయకపోతే చివర సేవ్ చేసినవాళ్లది. మొదటివాళ్ల మార్పు చడీచప్పుడు లేకుండా పోతుంది. ఎంటిటీలో వెర్షన్ ఫీల్డ్ పెడితే, అప్‌డేట్ వాక్యంలో పాత వెర్షన్ నంబరు కూడా షరతుగా చేరుతుంది. ఈలోగా ఎవరో మార్చి ఉంటే ఏ రో కూడా సరిపోలదు, 'ఆప్టిమిస్టిక్ లాక్' ఎక్సెప్షన్ వస్తుంది. వెర్షన్ నంబరు స్క్రీన్‌దాకా వెళ్లి తిరిగి రావాలి, దాన్ని మీ కోడ్ చేత్తో పోల్చాలి. లేకపోతే మధ్యలో గడిచిన పది నిమిషాలకు కాపలా ఉండదు. యూజర్‌కు 'ఎర్రర్' అని కాకుండా 'ఈ ఇన్వాయిస్‌ను ఇంకొకరు మార్చారు, మళ్లీ తెరిచి చూడండి' అని చెప్పండి.

యూజర్ సేవ్ బటన్ రెండుసార్లు నొక్కితే రెండు రికార్డులు పడుతున్నాయి.

బటన్‌ను డిజేబుల్ చేయడం మంచిదే కానీ అదొక్కటే చాలదు. నెట్‌వర్క్ నెమ్మదించినప్పుడు బ్రౌజరో మధ్యలోని సర్వరో అదే రిక్వెస్టును మళ్లీ పంపవచ్చు. 'ఉందా లేదా' అని ముందు సెలెక్ట్ చేసి చూడటం కూడా కాపాడదు, రెండు రిక్వెస్టులూ ఒకేసారి చూసి రెండూ 'లేదు' అనుకోవచ్చు. ఫారం తెరిచినప్పుడే ఒక యూనిక్ టోకెన్ ఇచ్చి, దాన్ని రికార్డుతో పాటు యూనిక్ కాలమ్‌లో దాచండి. రెండోసారి డేటాబేసే ఒప్పుకోదు.

## డిలీట్ చేసేటప్పుడు

రిమూవ్ కాల్ చేస్తే 'రిమూవింగ్ ఎ డిటాచ్డ్ ఇన్‌స్టన్స్' అంటోంది.

రిమూవ్ మేనేజ్డ్ ఆబ్జెక్టునే ఒప్పుకుంటుంది. అదే ట్రాన్సాక్షన్‌లో ఐడీతో ఫైండ్ చేసి, దొరికినదాన్ని రిమూవ్ చేయండి. దొరకకపోతే ఏం చేయాలో కూడా మీరే నిర్ణయించుకోవాలి: ఇంకొకరు ముందే తీసేసి ఉండొచ్చు.

పాత రికార్డు డిలీట్ చేసి, అదే కోడ్‌తో కొత్తది పెడితే యూనిక్ ఎర్రర్ వస్తోంది. డిలీట్ ముందే రాశాను కదా?

రాసిన వరుసలో హైబర్నేట్ పంపదు. ఫ్లష్ సమయంలో ముందు ఇన్సర్టులు, తర్వాత అప్‌డేట్లు, చివర డిలీట్లు వెళ్తాయి. పాత రో ఇంకా ఉండగానే కొత్తది వచ్చి దానికి తగులుతుంది. రిమూవ్ తర్వాత ఫ్లష్ కాల్ చేస్తే పని జరుగుతుంది. అయితే ముందు ఒకటి ఆలోచించండి: తీసేసి మళ్లీ పెట్టడం దేనికి? ఎక్కువసార్లు అది అప్‌డేట్‌తో అయ్యే పనే, దాంతో ఐడీ, చరిత్ర కూడా నిలుస్తాయి.

లైన్ డిలీట్ చేశాను. ఎర్రర్ లేదు, డిలీట్ వాక్యమూ వెళ్లలేదు.

ఆ లైన్ ఇంకా ఇన్వాయిస్ లిస్టులో ఉంది. ఇన్వాయిస్ మీద పర్సిస్ట్ క్యాస్కేడ్ (ఇన్వాయిస్‌కు చేసిన పని లైన్లకూ పాకేలా పెట్టే సెట్టింగ్) ఉంటే, ఫ్లష్ సమయంలో లిస్టులోని ప్రతి లైన్‌నూ మళ్లీ పర్సిస్ట్ చేస్తుంది, మీ డిలీట్ రద్దవుతుంది. లిస్టు నుంచి తీసేయండి. 'ఆర్ఫన్ రిమూవల్' పెట్టుకుంటే లిస్టు నుంచి తీయడమే డిలీట్ అవుతుంది. ఇది 2009లో జేపీఏ 2.0తో వచ్చింది.

క్యాస్కేడ్ ఆల్ అన్నిచోట్లా పెట్టేయొచ్చా?

వద్దు. దీని గురించి నేను గట్టిగానే చెబుతాను. క్యాస్కేడ్ రిమూవ్ యజమాని నుంచి సొంత భాగాలవైపే ఉండాలి. ఇన్వాయిస్ పోతే లైన్లకు బతుకు లేదు, కాబట్టి అక్కడ సరే. లైన్ నుంచి ఇన్వాయిస్‌కు, ఇన్వాయిస్ నుంచి కస్టమర్‌కు పెట్టకూడదు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఇన్వాయిస్ నుంచి కస్టమర్‌కు, కస్టమర్ నుంచి ఇన్వాయిస్‌లకు రెండువైపులా క్యాస్కేడ్ ఆల్ ఉండేది. టెస్టర్ ఒక్క ఇన్వాయిస్ డిలీట్ చేస్తే, కస్టమర్‌తో పాటు అతని ఇన్వాయిస్‌లన్నీ పోయాయి. అది టెస్ట్ సర్వర్ కాబట్టి బతికిపోయాం. ఆ రోజు నుంచి కోడ్ రివ్యూలో మెనీ టు వన్, మెనీ టు మెనీల మీద రిమూవ్ క్యాస్కేడ్ కనిపిస్తే నేను ఆపేస్తాను.

ఒకే క్వెరీతో వేల రోలు డిలీట్ చేస్తే ఏమైనా ఇబ్బందా?

వేగం బాగుంటుంది, కాపలాలు మాత్రం ఉండవు. బల్క్ డిలీట్ నేరుగా డేటాబేస్‌కు వెళ్తుంది కాబట్టి క్యాస్కేడ్, ఆర్ఫన్ రిమూవల్, డిలీట్ కాల్‌బ్యాక్‌లు ఏవీ పనిచేయవు. చైల్డ్ రోలు ముందు మీరే తీయాలి. కాంటెక్స్ట్‌లో ఉన్న పాత ఆబ్జెక్టులు అలాగే ఉంటాయి, కాబట్టి తర్వాత క్లియర్ చేయాలి. స్ప్రింగ్ డేటాలో 'డిలీట్‌బై' అని పేరుతో రాసిన మెథడ్ ఒకే వాక్యంలా కనిపిస్తుంది కానీ, రికార్డులన్నీ లోడ్ చేసి ఒక్కొక్కటిగా తీస్తుంది. లక్షల్లో ఉంటే కొన్ని వేల చొప్పున తీసి, ప్రతి విడతకూ కమిట్ చేయండి.

ఒక్క కస్టమర్‌ను డిలీట్ చేయడానికి నిమిషం పడుతోంది!

చైల్డ్ టేబుల్‌లోని ఫారిన్ కీ కాలమ్‌కు ఇండెక్స్ ఉందో లేదో చూడండి. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్ ఆ ఇండెక్స్‌ను వాటంతటవే తయారుచేయవు. మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ చేస్తుంది. ఇండెక్స్ లేకపోతే కస్టమర్‌ను తీసే ముందు ఇన్వాయిస్ టేబుల్ మొత్తం వెతకాల్సి వస్తుంది. ఒరాకిల్‌లోనైతే చైల్డ్ టేబుల్ లాక్‌ల దాకా వెళ్తుంది.

నిజంగా డిలీట్ చేయాలా, 'డిలీటెడ్' అని ఫ్లాగ్ పెడితే చాలా?

ఇది కోడ్ రాసేవాళ్లు ఒంటరిగా తేల్చే ప్రశ్న కాదు. అకౌంట్స్ వాళ్లను అడగండి. కంపెనీల చట్టం, 2013 ప్రకారం లెక్కల పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకూ ఆడిట్ ట్రయిల్ ఉండాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. కాబట్టి పోస్ట్ అయిన ఇన్వాయిస్‌కు డిలీట్ బటనే పెట్టకండి. 'రద్దు' అనే స్థితి, క్రెడిట్ నోట్ అనే రికార్డు పెట్టండి. వ్యాపారంలో జరిగేది కూడా అదే: ఇచ్చిన బిల్లు ఇవ్వనట్టు కాదు, రద్దయినట్టు.

వ్యక్తిగత వివరాల సంగతి దీనికి ఎదురుదిశలో ఉంటుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ప్రకారం సమ్మతి వెనక్కి తీసుకున్నా, సేకరించిన అవసరం తీరినా, వేరే చట్టం ఉంచమంటే తప్ప ఆ వివరాలు చెరిపేయాలి. ఫ్లాగ్ పెట్టి ఫోన్ నంబరు టేబుల్‌లోనే ఉంచడం చెరపడం కాదు. ఇన్వాయిస్ నిలవాలి, మార్కెటింగ్ కోసం తీసుకున్న పుట్టినరోజు, ఫోన్ నంబరు పోవాలి. ఈ రెండూ వేరే టేబుళ్లలో ఉంటే ఆ పని తేలిక. స్కీమా గీసే రోజునే ఇది ఆలోచించాలి.

ఇక మిగిలిన మామూలు మాస్టర్ డేటాకు ఫ్లాగ్ బాగానే పనిచేస్తుంది. హైబర్నేట్ 6.4 నుంచి దీనికోసం 'సాఫ్ట్‌డిలీట్' యానోటేషన్ ఉంది. నేటివ్ క్వెరీలకు, రిపోర్టింగ్ టూల్‌కు మాత్రం ఆ ఫ్లాగ్ సంగతి తెలియదు, వాటిలో షరతు మీరే రాయాలి.

ఫ్లాగ్ పెట్టి తీసేసిన కస్టమర్ కోడ్‌ను మళ్లీ వాడబోతే యూనిక్ ఎర్రర్ వస్తోంది.

రో ఇంకా టేబుల్‌లోనే ఉంది కాబట్టి. పోస్ట్‌గ్రెస్‌లో బతికున్న రోలకు మాత్రమే వర్తించే పార్షియల్ యూనిక్ ఇండెక్స్ పెట్టండి. మైఎస్‌క్యూఎల్‌లో పార్షియల్ ఇండెక్సులు లేవు, కానీ యూనిక్ ఇండెక్స్‌లో నల్‌లు ఎన్నైనా ఉండొచ్చు. బతికున్నప్పుడు 1, తీసేసినప్పుడు నల్ ఉండే కాలమ్‌ను కోడ్‌తో కలిపి యూనిక్ చేయండి.

ప్రొడక్షన్‌లో పొరపాటున డిలీట్ చేసేశాను. ఇప్పుడేం చేయాలి?

ముందు మీ విండో మూయకండి. ఆటోకమిట్ ఆపి ఉండి, ఇంకా కమిట్ కొట్టకపోతే రోల్‌బ్యాక్ చేస్తే చాలు. కమిట్ అయిపోతే వెంటనే డీబీఏకు, మేనేజర్‌కు చెప్పండి. ఆలస్యం చేసిన ప్రతి నిమిషం దారులు మూసుకుపోతాయి. ఒరాకిల్‌లో ఫ్లాష్‌బ్యాక్ క్వెరీతో కొద్దిసేపటి కిందటి టేబుల్‌ను చూడొచ్చు, కానీ దానికి ఆధారమైన అన్‌డూ సమాచారం ఎక్కువసేపు ఉండదు. అన్‌డూ రిటెన్షన్ డిఫాల్ట్ 900 సెకన్లు మాత్రమే. పోస్ట్‌గ్రెస్‌లో ఆర్కైవ్ చేసిన వాల్ ఫైళ్లతో (ప్రతి మార్పునూ ముందుగా రాసుకునే లాగ్ ఫైళ్లతో), మైఎస్‌క్యూఎల్‌లో బైనరీ లాగ్‌తో, బ్యాకప్ నుంచి ఆ నిమిషం దాకా డేటాను తిరిగి తేవొచ్చు. దాన్ని ప్రొడక్షన్ మీదే రీస్టోర్ చేయకూడదు, ఈలోగా వచ్చిన కొత్త ఇన్వాయిస్‌లు పోతాయి. పక్కన ఇంకో సర్వర్‌లో రీస్టోర్ చేసి, పోయిన రోలు మాత్రం అక్కడి నుంచి తెచ్చుకోండి. తల్లి రికార్డులు ముందు, పిల్ల రికార్డులు తర్వాత, పాత ఐడీలతోనే.